అగ్గితెగులు ఆకుల జొరబడక ముందే

బిడ్డా, నువ్వు పంపిన ఫోటో సూసిన. నూలుకండె లెక్క మచ్చ, నడుమ బూడిద రంగు, అంచుకు గోధుమ రంగు, అది అగ్గితెగులే. మందు కొట్టే ముందు అది ఆకులకు ఎట్ల పోతదో ఇను, నాకది తెల్వకనే ఒక యాసంగి రెండెకరాల సాంబ మసూరి మెడలిరిగి తాలు పోయింది, ఇప్పటికీ యాదికొస్తె కడుపుల దేవినట్టైతది.

అగ్గితెగులంటె ఒక బూజు, దాని బీజం గాలికొచ్చి ఆకు మీద పడ్తది, మంచు తడి తగలంగనే కొసకెళ్లి జిగురొచ్చి అతుక్కుంటది, రెండు గంటలల్ల సన్న మొలక తీస్తది. దానికి కండ్లు లేవు, తడుముకుంట పోతది, కింద గట్టిగ ఉందా, నీళ్లు జారిపోయే మైనం లెక్క ఉందా అని. ల్యాబుల ఉత్త ప్లాస్టిక్ మీద ఏసినా ఆకే అనుకుంటదంట! సరే అనిపిస్తె ఆడ్నే ఆగి కొస ఉబ్బి గుమ్మటమైతది, సుట్టూ మెలనిన్ అనే నల్లగోడ కట్టుకొని లోపల ప్రెజర్ పెంచుకుంటది, అది కారు టైర్ల గాలికి 40 రెట్లు, గా బలంతోని సన్న మేకు దిగ్గొట్టినట్టు ఆకుల దిగుతది.

ట్రైసైక్లజోల్ అనే మందు ఆ నల్లగోడనే కట్టనియ్యదు, గోడ లేకుంటె ప్రెజర్ నిలవదు. అంటె అది బయట ఉన్నప్పుడే పనిచేస్తది బిడ్డా, లోపలికి పోయినంక కొడ్తె ఆ మచ్చ మానదు, మిగిలిన ఆకులు మాత్రం కాపాడుకోవచ్చు. 75 శాతం పొడి మందైతె లీటరుకు 0.6 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, మంచు ఆరినంకనే కొట్టు. షాపాయన ఇంకో డబ్బా కలపమంటె కలపకు.

అన్ని బూజులు గిట్ల గుద్దుకొని పోవు. పాలమూరుల మీ మేనమామోళ్ల పల్లి చేన్ల తుప్పు తెగులుంది సూడు, అది ఆకుకున్న సన్న రంధ్రాలల్లకెళ్లే దూరుతది. బీన్స్ తుప్పు ఆ రంధ్రం అంచు ఎత్తును తాకి గుర్తుపడ్తదని 1987ల అమెరికాల ప్లాస్టిక్ మీద అరమైక్రాన్ గట్లు చేసి సూపిచ్చిన్రు, మిల్లీమీటరుల రెండువేలో వంతు.

యూరియా మాత్రం ఇప్పుడు ఏయకు, పైరు పచ్చగ మెత్తగ ఉంటె దానికి పండగే, నీ మడి అంత నల్లపచ్చగ ఉన్నది సూస్తెనే నాకు భయమైంది. గట్ల మీది గడ్డి గూడ కోపియ్యి, అండ్ల గూడ దాక్కుంటది. రాత్రి మంచు పడితె పొద్దుగాలనే తూము కాడి మడి సూసి ఇంకో ఫోటో పంపు, ఈసారి కింది ఆకులది తియ్యి.