స్కేలు నాలుగు రోజులు పక్కన పెట్టండి, ముందు జానలతో కొలవనివ్వండి

ఒకటో తరగతి చదివే మీ బాబు స్కేలు ఇస్తే పెన్సిల్ చివర 1 దగ్గర పెట్టి కొలుస్తున్నాడు, ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అంతే, సెంటీమీటర్లు వాడి బుర్రకెక్కేదెలా అని అడిగారు కదా. చాలా ఏళ్లుగా ప్రభుత్వ బడిలో ఒకటి, రెండు తరగతులకే పాఠాలు చెప్తున్నాను. మీరేం టెన్షన్ పడకండి. లెక్కపెట్టడమంటే ఒకటితో మొదలుపెట్టడమని మనమే నేర్పాం, వాడు స్కేలు మీదా అదే చేస్తున్నాడు. స్కేలు వాడి చేతికి కాస్త తొందరగా వచ్చింది, అంతే.

అంకెల జోలికి పోకుండా ముందు పోల్చడంతో మొదలుపెట్టండి. పిల్లలు ప్రతిదాన్నీ "పెద్దది" అనేస్తారు, పొడుగైనా పెద్దదే, లావైనా పెద్దదే, బరువైనా పెద్దదే. అలా అన్నప్పుడల్లా "ఎందులో పెద్దది? పొడుగులోనా, లావులోనా?" అని అడుగుతూ ఉండండి. రెండు పెన్సిళ్లు పిడికిట్లో పట్టుకుని ఏది పొడుగంటే పైకి ఎక్కువ కనిపించేదే అంటారు, కింద ఎంత దాగుందో చూడరు. అదే ఎత్తులు చూసుకునేటప్పుడు పక్కవాడు మునివేళ్ల మీద లేచాడంటే మాత్రం "తొండి, తొండి" అని క్లాసంతా అరుస్తారు! అంటే రెండూ ఒకే చోట మొదలవ్వాలన్న సంగతి వాళ్లకి తెలుసు, పెన్సిల్ దగ్గరికొచ్చేసరికి గుర్తురాదు. నేనైతే రెండు పెన్సిళ్లూ బల్ల మీద నిలబెట్టించి, "ఇందులో మునివేళ్ల మీద నిలబడిందెవరు?" అని అడుగుతాను. ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

తర్వాత జానలు. మంచమో, టీవీ బల్లో కొలవమనండి. చూస్తూ ఉండండి, మొదట్లో జానకీ జానకీ మధ్య ఖాళీ వదిలేస్తాడు, లేదా చిటికెన వేలు ఆగిన చోటు కాకుండా ఇంకాస్త వెనక నుంచి మళ్లీ మొదలుపెడతాడు. మధ్యలో ఆపి సరిదిద్దకండి, ఇంకోసారి కొలవమనండి, రెండోసారి వేరే లెక్క వస్తుంది, "అదేంటి, మంచం పెరిగిందా?" అని అడిగితే వాడే వేలు ఆగిన చోట సుద్దముక్కతో గీత పెట్టుకోవడం మొదలుపెడతాడు. ఆ పైన అదే మంచాన్ని వాళ్ల నాన్నగారితో కొలిపించండి. వాడికి పదిహేను వస్తే ఆయనకి తొమ్మిదో పదో వస్తుంది. ఎవరిది కరెక్ట్ అని గొడవ పడనివ్వండి, అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో ఆ గొడవలోనే తెలుస్తుంది. మల్లెపూలు కొనేటప్పుడు వెంట తీసుకెళ్లండి. మూర అంటే మోచేయి నుంచి నడివేలి కొస దాకా కదా, పూలమ్మి మూర ఎంత, అమ్మ మూర ఎంత అని ఇంటికొచ్చి దండ పరిచి చూసుకుంటే పిల్లలకి భలే సరదా. (బేరం చెడగొట్టుకోకండి, అక్కడే కొలిచి చూపిస్తే ఆవిడ ఊరుకోదు.)

బరువుకి బట్టల హ్యాంగర్ చాలు. రెండు చివర్లా ఒకేలాంటి సంచులు కట్టి మేకుకి తగిలించి, ఒకవైపు చిన్న ఉప్పు ప్యాకెట్, ఇంకోవైపు ఉబ్బిన బొరుగుల ప్యాకెట్ వేయించండి. అయితే వేసే ముందు ఏది కిందికి దిగుతుందో వాడితో చెప్పించాలి, చెప్పించకుండా వేస్తే అది వట్టి ఆటే.

నీళ్ల సంగతి కొంచెం వేరు. వెడల్పు గిన్నెలోని నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువయ్యాయంటాడు, కళ్లముందే పోసినా సరే. పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఈ పరీక్షతోనే ప్రసిద్ధుడు, చాలామంది పిల్లలకి ఏడేళ్ల ప్రాంతంలో గానీ ఈ విషయం కుదురుకోదు. వాదించి లాభం లేదు, మళ్లీ గిన్నెలో పోసి చూపించి వదిలేయండి. దానికన్నా అన్నం వండేటప్పుడు గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు వాడితోనే పోయించండి. ఇంట్లో పాత సోల, మానిక ఉంటే ఇంకా మంచిది, నాలుగు సోలలు పోస్తే మానిక నిండుతుందని చేత్తో పోసినవాడికి ఎక్కం బట్టీ పట్టించక్కర్లేదు.

ఇక మీ అసలు సమస్య, సున్నా. కాగితం పట్టీ ఒకటి కత్తిరించి, దాని మీద కాలిన అగ్గిపుల్లలు ఒకదాని చివర ఒకటి ఆనించి వరసగా పేర్చమనండి. ప్రతి పుల్ల అయిపోయిన చోట గీత గీసి అక్కడ అంకె వేయించండి, మొదటి పుల్ల అయ్యాక 1, రెండోది అయ్యాక 2. అప్పుడు మొదటి పుల్ల మొదలైన చోట ఏం రాయాలి అని అడగండి. కొంతమంది వెంటనే సున్నా అంటారు, కొంతమంది ఖాళీగా వదిలేస్తారు, రెండూ పర్లేదు. ఆ పట్టీతో వారం పది రోజులు ఇంట్లో దొరికినవన్నీ కొలిచాక అప్పుడు బజారు స్కేలు ఇవ్వండి. అంచుకీ సున్నాకీ మధ్య చిన్న జాగా ఉండే స్కేళ్లుంటాయి, అది మాత్రం మీరే వేలు పెట్టి చూపించాలి.

వాడికి నిజంగా వచ్చిందో లేదో చూడాలంటే విరిగిన స్కేలు ముక్క ఇవ్వండి. పెన్సిల్ ముక్కని 3 నుంచి 8 దాకా ఆనించి ఎంత పొడుగని అడగండి. 8 అంటే ఇంకొన్నాళ్లు అగ్గిపుల్లలే. వేలితో ఒక్కో గడీ దాటుకుంటూ లెక్కపెట్టి 5 అన్నాడంటే ఇంక మీరు పక్కన కూర్చోనక్కర్లేదు.