ఏజెంట్లు మాట్లాడుకుంటారా, మాట్లాడుకుంటాయా?

సందేహం: ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం తెలుగులో పాఠం రాస్తున్నాను. అందులో రెండు వాక్యాలు ఇవి: "అంచు గణనలో సహకార ఏజెంట్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటాయి. కూడలిలోని వాహనాలు ఈ ఏజెంట్ల ద్వారా లెక్కించబడతాయి." ఇక్కడ ఏజెంట్లంటే తమంతట తాము పనిచేసే సాఫ్ట్‌వేర్లు, అంచు గణన అంటే ఎడ్జ్ కంప్యూటింగ్. చదువుతుంటే ఎక్కడో పంటికింద రాయి తగులుతోంది. 'ఏజెంటు'కు మంచి తెలుగు పదం చెబుతారా?

సమాధానం: ఏజెంటును కదిలించకండి. రాళ్లు దాని పక్కనున్న మాటల్లో ఉన్నాయి.

ముందు 'ఒకరితో ఒకరు' చూడండి. అది మనుషులకు వాడే మాట. వెంటనే 'మాట్లాడుకుంటాయి' అన్నారు, అది మనుషులు కానివాటికి. ఒకే వాక్యంలో ఏజెంట్లు సగం మనుషులు, సగం యంత్రాలు అయ్యాయి. తెలుగు క్రియ మాట రూపాన్ని బట్టి నడవదు, అది సూచించే వస్తువును బట్టి నడుస్తుంది. బీమా ఏజెంట్లు వచ్చారు, సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు వచ్చాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు (ఇలాంటి బహువచనంలో మనుషులు), అమహత్తు (మిగతావి) అని చేసిన విభజన ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. 'ఇవి ఆలోచిస్తాయి, బేరమాడతాయి కదా, మనుషుల్లో చేర్చకూడదా?' అని అడిగేవారున్నారు. నీతికథల్లో నక్కలు రాజనీతి బోధిస్తాయి, అయినా 'నక్క అన్నది' అనే అంటాం. మాట వచ్చినంత మాత్రాన మహత్తు కాదు. కాబట్టి 'ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి'.

'మాట్లాడుకుంటాయి'లో 'కొను' ఉంది కదా, 'ఒకదానితో ఒకటి' ఎందుకని కొట్టేయకండి. ఈ కొను రెండు పనులు చేస్తుంది. 'ఏజెంట్లు రాసుకున్నాయి' అంటే దేనికది రాసుకుందా, ఒకదానికొకటి రాసుకున్నాయా? కథలో ఆ సందిగ్ధం అందం, పాఠంలో పొరపాటు.

ఇక అసలు సంగతి, 'ద్వారా లెక్కించబడతాయి'. 'బడు'ను ఎలాగూ తీసేస్తారనుకుంటాను. 'ద్వారా' అంతకంటే పెద్ద తప్పు చేస్తోంది. కిటికీ ద్వారా వెలుతురు వస్తుంది, అందులో కిటికీ చేసే పనేమీ లేదు. ఏజెంటు అలాంటి దారి కాదు, పనిముట్టూ కాదు. పాణిని కరణానికీ కర్తకూ గీసిన గీత చూడండి. పని నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడే సాధనం కరణం. కర్త సంగతి వేరు, 'స్వతంత్రః కర్తా'. ఆ మరుసటి సూత్రంలోనే, ఆ స్వతంత్రుణ్ని పనికి పురికొల్పేవాణ్ని హేతువన్నాడు. సాఫ్ట్‌వేర్ ఏజెంటుకు శాస్త్రజ్ఞులు చెప్పే మొదటి లక్షణం కూడా స్వతంత్రంగా నడుచుకోవడమే. మనం లక్ష్యం చెబుతాం, ఎలా చేయాలో అది తేల్చుకుంటుంది. ఈ తేడా చూపడానికి తెలుగులో కొత్త పదం పుట్టించనక్కర్లేదు, ప్రేరణ క్రియ ఉంది. కత్తితో కోశాను, మనిషి చేత కోయించాను. అలాగే యంత్రంతో లెక్కపెట్టాను, ఏజెంట్ల చేత లెక్కపెట్టించాను. ఆ 'ఇంచు' చేరిందంటే, పని చేసింది మరొకరని చదువరికి తెలిసిపోతుంది.

అయితే ఏజెంటును 'కర్త' అనవచ్చు కదా అంటారు. నాకూ మనసు లాగింది. కానీ ఆ మాట వినగానే రచయితో, కర్మకాండ జరిపే మనిషో గుర్తొస్తాడు. 'ప్రతినిధి'కి మనిషి వాసన పోదు. 'కారకం' అంటే వ్యాధికారకం ముందుకొస్తుంది. మీ 'సహకార ఏజెంట్లు' అయితే సహకార సంఘం తరఫున బాకీలు వసూలు చేయడానికి వచ్చినట్లున్నారు. 'సహకరించుకునే ఏజెంట్లు' అనండి.

ఈ ఏజెంట్ల భాష చూస్తే నాలాంటివాడికి ముచ్చటేస్తుంది. 1996లో ఏర్పడిన ఫిపా అనే ప్రమాణాల సంస్థ వాటి సందేశాలకు ఒక పద్ధతి పెట్టింది. ప్రతి సందేశం తాను ఏ రకమైన పలుకో ముందే చెప్పాలి: తెలుపుతున్నానా, కోరుతున్నానా, ప్రతిపాదిస్తున్నానా, నిరాకరిస్తున్నానా అని. అంతకుముందే, 1980లో, రీడ్ స్మిత్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు టెండర్ల పద్ధతిని వీటికి నేర్పాడు. పని ఉందని ఒకటి ప్రకటిస్తుంది, మిగతావి తమ వీలు చెబుతాయి, తగినదానికి పని దక్కుతుంది. మీ కూడలిలో ఒక కెమెరాకు పొగమంచు అడ్డొస్తే పక్క కెమెరా ఏజెంటు ఆ లెక్క అందుకోవడం ఇలాగే సాధ్యమవుతుంది. గంటల కొద్దీ వీడియో దూరపు డేటా కేంద్రానికి పోదు, నలభై వాహనాలున్నాయన్న అంకె మాత్రం పక్కదానికి చేరుతుంది. ఆలస్యం తగ్గుతుంది, దారినపోయేవారి ముఖాలూ ఊరేగవు.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: "ఎడ్జ్ కంప్యూటింగ్‌లో, అంటే డేటా పుట్టిన చోటే లెక్క తేల్చే పద్ధతిలో, ఏజెంట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ సహకరించుకుంటాయి. కూడలిలోని వాహనాలను ఆ ఏజెంట్ల చేతే లెక్కపెట్టిస్తారు."

'అంచు గణన'ను వదిలేశానని గమనించే ఉంటారు. తెలుగు మాట పక్కన సంస్కృతం చేరిందన్నది నా అభ్యంతరం కాదు, వంటశాల, పాలసముద్రం అలాంటివే. చిక్కు 'గణన'తో. అది వింటే జనగణనే స్ఫురిస్తుంది. పైగా మీ ఉదాహరణలో నిజంగానే వాహనాల లెక్కింపు ఉంది, విద్యార్థి రెంటినీ కలిపేసుకుంటాడు. 'అంచు' మాత్రం చక్కని మాట, నెట్‌వర్క్ అంచు అని నిక్షేపంగా రాయండి. పరికరం, దగ్గరి సర్వరు, దూరపు డేటా కేంద్రం అనే వరుసను చెప్పాల్సి వచ్చినప్పుడు 'మూడు అంచెలు' అనండి. రెండూ ఒకే పేజీలో వస్తాయి కనుక, కొమ్ము ఎత్వంగా మారిపోకుండా ప్రూఫు మీరే చూసుకోండి.