క్రూయిజ్‌లో ఫార్మల్ నైట్: మగవాళ్ళు ఏం వేసుకోవాలి?

ప్రశ్న: సియాటిల్ నుంచి అలాస్కాకి ప్రిన్సెస్ ఓడలో 7 రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాం. రెండు ఫార్మల్ నైట్స్ ఉంటాయట. నేను, ఇండియా నుంచి వస్తున్న 68 ఏళ్ళ నాన్నగారు, 14 ఏళ్ళ మా అబ్బాయి. టక్సీడో కొనాలా? నాన్నగారు టై కట్టుకోనంటున్నారు. పంచె కడితే పరవాలేదా?

జవాబు:

టక్సీడో (బో టైతో వేసుకునే నల్ల విందు సూటు) కొనకండి. మీకు ముదురు నీలం సూటు, నాన్నగారికి బంద్‌గలా (మెడ దాకా గుండీలుండే కోటు) లేదా పట్టు పంచె-లాల్చీ, అబ్బాయికి నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, టై. ఇక్కడితో మీ ప్రశ్నకి జవాబు అయిపోయింది. కానీ ఫార్మల్ నైట్ నాడు మనవాళ్ళు తేలిపోయేది బట్టల ఎంపికలో తక్కువ, కొలతలోనూ ఇస్త్రీలోనూ ఎక్కువ. అందుకే మిగతాదంతా వాటి గురించే.

ముందు రూలు. ప్రిన్సెస్ వాళ్ళ లెక్కలో మగవాళ్ళకి ఫార్మల్ అంటే టక్సీడో, ముదురు రంగు సూటు, లేదా డిన్నర్ జాకెట్‌తో ప్యాంటు. సూటు వేసుకున్నవాళ్ళని తక్కువగా చూసేదేమీ ఉండదు. మిగతా ఐదు రాత్రులకి, అంటే స్మార్ట్ క్యాజువల్ రాత్రులకి, కాలర్ ఉన్న చొక్కా, మామూలు ప్యాంటు చాలు. ఎక్కిన రోజు రాత్రి ఫార్మల్ పెట్టరు, ఎందుకంటే రేవులో అప్పగించిన పెద్ద పెట్టెలు కేబిన్‌కి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. దిగే ముందు రాత్రీ పెట్టరు, అప్పటికి అందరూ పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. సియాటిల్ నుంచి బయల్దేరితే రెండో రోజంతా సముద్రం మీదే. సాధారణంగా మొదటి ఫార్మల్ నైట్ ఆ రోజే వస్తుంది. అంటే పెట్టె చేతికొచ్చాక మీకు మిగిలేది ఒక్క రోజు. ఈ లెక్క గుర్తుంచుకోండి, ఇస్త్రీ దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. కంపెనీని బట్టి పట్టింపు మారుతుంది. అందరికంటే గట్టిగా ఉండేది క్యూనార్డ్. గాలా ఈవెనింగ్ (వాళ్ళ ఫార్మల్ నైట్) నాడు బ్లాక్ టై, అంటే టక్సీడో, బో టై; మిగతా రోజుల్లో కూడా సాయంత్రం 6 తర్వాత పద్ధతిగానే ఉండాలి. ముదురు సూటుకి టై కట్టినా గాలాకి సరిపోతుంది. దేశీయ ఫార్మల్ దుస్తులు వేసుకోవచ్చని వాళ్ళ రూల్లోనే ఉంది. కార్నివాల్‌లో 'ఎలిగెంట్' రాత్రికి మంచి ప్యాంటు, ఫుల్ చొక్కా ఉంటే నడిచిపోతుంది, పైన కోటు మీ ఇష్టం. హ్యూస్టన్, డాలస్ నుంచి గాల్వెస్టన్ వెళ్ళి ఎక్కేవాళ్ళలో చాలామందికి ఈ మాత్రం చాలు. నార్వీజియన్‌లో ఫార్మల్ అన్న బలవంతమే లేదు. ఏ ఓడలోనైనా అసలు ముస్తాబు వద్దనుకుంటే బఫే తెరిచే ఉంటుంది.

ఇప్పుడు మీ సూటు. నేవీ గానీ ముదురు బూడిద గానీ చూడండి. నలుపు సూటు ఫోటోల్లో బాగానే ఉంటుంది కానీ ఓడ దిగాక ఎక్కడా వాడబుద్ధి కాదు, నేవీ అయితే ఇంటర్వ్యూకీ పనికొస్తుంది, పెళ్ళికీ పనికొస్తుంది. ఉన్న సూటే అయితే ఈ వారమే తీసి వేసుకుని చూడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. అది జారి చేతి మీదికి వస్తే ఏ టైలరూ సరిచేయలేడు, సరిచేసినా ఆ డబ్బుతో ఇంకో సూటు వస్తుంది. నడుము, చేతుల పొడవు, ప్యాంటు పొడవు మాత్రం తేలిగ్గా మార్చవచ్చు. చేతులు కిందికి వదిలేస్తే కోటు చేతి కింద చొక్కా కఫ్ ఒక అర అంగుళం కనపడాలి. కోటు గుండీ పెట్టగానే పొట్ట దగ్గర ఇంటూ గుర్తులా గీతలు పడుతున్నాయంటే బిగువు. మనవాళ్ళలో ఎక్కువ కనిపించే తప్పు మాత్రం దీనికి ఎదురు: ఒక సైజు పెద్దది కొని, లూజుగా ఉంటే హాయి అనుకోవడం.

కొత్త సూటు అయితే మూడు చోట్ల కత్తెర పడాలి. కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ ఆకారంలో వేసిన దారం, జేబుల మూతి మూసి కుట్టిన దారం, చేతి మీద బయటివైపు అంటించిన కంపెనీ లేబుల్. మొదటి రెండూ రవాణాలో బట్ట ఆకారం చెడకుండా వేసినవే. లేబుల్‌ని గొప్ప కోసం ఉంచుకునేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఉంచకండి.

చొక్కా తెలుపే. పల్చటి తెల్ల చొక్కా కింద తెల్ల చేతుల్లేని బనియన్ వేస్తే ఫ్లాష్ పడగానే దాని పట్టీలు గీతల్లా కనిపిస్తాయి, ఆ రాత్రి ఓడ నిండా ఫోటోగ్రాఫర్లే. లేత బూడిద రంగులోగానీ ఒంటి రంగుకి దగ్గరగా గానీ వి మెడ బనియన్ వేస్తే ఏమీ కనపడదు. మెడ గుండీ పెట్టాక ఒక వేలు దూరాలి, రెండు వేళ్ళు దూరితే టై బిగించినప్పుడు కాలర్ ముడతలు పడుతుంది. నల్ల తోలు బూట్లు, నల్ల మేజోళ్ళు. మేజోళ్ళు పిక్క దాకా ఉండాలి, కూర్చున్నప్పుడు కాలు కనిపించకూడదు. కొత్త బూట్లకి తోలు అడుగు ఉంటే ఓడ మెట్ల మీద జారుతుంది, అడుగున ఒకసారి గరుకు కాగితంతో రుద్దేయండి.

నాన్నగారి సంగతికి వద్దాం. టై వద్దనే పెద్దవాళ్ళకి బంద్‌గలాని మించింది లేదు. మెడ దాకా మూసిన కోటు కాబట్టి టై ప్రశ్నే రాదు, టక్సీడో పక్కన నిలబడినా తీసికట్టుగా ఉండదు. ఇండియాలో కుట్టించుకుని రమ్మనండి. 58 అంగుళాల పన్నా బట్ట కోటుకి సుమారు 2 మీటర్లు, అదే బట్టలో ప్యాంటుకి ఇంకో 1.3 మీటర్లు. పొట్ట ఉన్నవాళ్ళకి, ఎత్తు ఉన్నవాళ్ళకి పావు మీటరు ఎక్కువ అడుగుతారు. పల్చటి ఉన్ని లేదా ఉన్ని కలిసిన బట్ట తీసుకోండి. పూర్తి పాలిస్టర్ మెరుస్తుంది, ఉక్కపోస్తుంది. టైలర్‌కి మూడు వారాలు ముందే ఇవ్వాలి, కనీసం ఒక ట్రయల్ తప్పదు.

ట్రయల్లో నాన్నగారు నిలబడి అద్దంలో చూసుకుని బాగుందంటే సరిపోదు. కుర్చీలో కూర్చోవాలి, టేబుల్ మీది గ్లాసు అందుకుంటున్నట్టు రెండు చేతులూ ముందుకి చాపాలి. అప్పుడు వీపు పట్టేస్తే గానీ, కాలర్ గొంతుకి ఎక్కితే గానీ అక్కడే చెప్పాలి. కాలర్ ఎత్తు అంగుళంన్నర దగ్గర ఆపించండి, మెడ పొట్టిగా ఉంటే ఇంకా తక్కువ. కాలర్ హుక్ పెట్టాక లోపల రెండు వేళ్ళు దూరాలి, ఎందుకంటే రెండు గంటలు తింటూ కూర్చోవాలి. గుండీలు అదే బట్ట చుట్టినవో, మెరుపు లేని నల్లవో పెట్టించండి. సింహం బొమ్మ ఉన్న బంగారు రంగు గుండీలు పెడితే నాన్నగారిని చూసి ఎవరో ఒకరు టేబుల్ ఎక్కడని అడుగుతారు. స్టార్ హోటల్ గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళ యూనిఫాం అదే కదా.

పంచె కట్టుకోవచ్చా అంటే, నిక్షేపంలా కట్టుకోవచ్చు. సగం సగం మాత్రం కట్టకూడదు. పట్టు పంచె, పట్టు లాల్చీ, కండువా మూడూ ఉంటేనే అది ఫార్మల్. నూలు పంచె మీద రోజువారీ చొక్కా వేస్తే మనకి గౌరవంగా కనిపిస్తుందేమో గానీ అక్కడ ఇంట్లో బట్టల్లా ఉంటుంది. తెల్ల కుర్తా పైజమా సంగతీ అంతే. దాని మీద నెహ్రూ జాకెట్ వేస్తే స్మార్ట్ క్యాజువల్ రాత్రికి చక్కగా సరిపోతుంది, ఫార్మల్‌కి మాత్రం చాలదు.

పంచెకి ఓడ మీద ఉండే ఇబ్బంది వేరు. నేల కదులుతుంది, మెట్లు ఎక్కువ, డెక్ మీద గాలి ఎక్కువ. ఇంట్లో చీలమండ తాకేలా కట్టే పంచెని ఇక్కడ రెండు వేళ్ళు పైకి కట్టాలి, లేకపోతే మెట్టు ఎక్కేటప్పుడు అంచు కాలి కింద పడుతుంది. పట్టు జారుతుంది కాబట్టి నడుము మడత మీద సన్నటి బెల్టు బిగించి లాల్చీ దింపేయండి, బయటికి కనపడదు. కండువాని భుజం దగ్గర లోపలివైపు నుంచి పిన్నీసు పెట్టాలి, లేదా సూప్‌లో తేలుతుంది. చెప్పులు వద్దు. వెనక పట్టీ లేని తోలు మోజడీలు కూడా తడి డెక్ మీద ప్రమాదం. మడమ మూసి ఉన్న, రబ్బరు అడుగు ఉన్న నల్ల బూటు పంచె కింద వింతగా ఉంటుందనుకుంటారు గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డైనింగ్ హాల్లో చలి ఉండదు, డెక్ మీదికి వెళ్ళాలంటే మాత్రం శాలువా కాదు, అసలైన జాకెట్ కావాలి. అది అలాస్కా.

అబ్బాయికి సూటు కొనడం దండగ, ఆరు నెలల్లో పొట్టైపోతుంది. స్కూల్ కచేరీకి వేసే నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, టై. చాలు.

ఇక అసలు సమస్య, ఇస్త్రీ. కేబిన్లోకి ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళకూడదు, నిప్పు భయం వల్ల. చేత్తో పట్టుకునే చిన్న స్టీమర్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, తనిఖీలో దొరికితే తీసేసుకుని దిగేటప్పుడు ఇస్తారు. ప్రిన్సెస్ ఓడల్లో ప్రయాణికుల డెక్‌ల మీద లాండ్రీ గదులు ఉంటాయి, అందులో ఇస్త్రీ బల్ల, పెట్టె ఉంటాయి. రాయల్ కరేబియన్ లాంటి చోట్ల ఆ గదులే ఉండవు, డబ్బిచ్చి ప్రెస్ చేయించుకోవాలి. లాండ్రీ గది ఉంది కదా అని ఫార్మల్ నైట్ సాయంత్రం 5 గంటలకి వెళ్తే క్యూ ఉంటుంది. ఆ రోజు పొద్దున టిఫిన్ వేళలో వెళ్ళండి. ఉన్ని కోటు మీద పెట్టె నేరుగా ఆనించకండి, అద్దంలా మెరిసే మచ్చ పడుతుంది, అది పోదు. మధ్యలో తడి గుడ్డ వేసి, రుద్దకుండా అద్ది తీయాలి. చవక కోట్లలో లోపలి గుడ్డని జిగురుతో అంటిస్తారు. వాటికి ఆవిరి మరీ ఎక్కువ పట్టిస్తే జిగురు ఊడి ముందు భాగం బుడగలు లేస్తుంది. అది కూడా పోదు.

ముడతే పడకుండా సర్దడం ఇంకా తేలిక. కోటు ఒక భుజాన్ని లోపలి నుంచి బయటికి తిరగేయండి. రెండో భుజాన్ని మామూలుగానే ఉంచి ఆ తిరగేసిన భుజంలోకి దూర్చండి. ఇప్పుడు లైనింగ్ బయటికి, బట్ట లోపలికి ఉండి, కోటు నిలువుగా సగానికి వస్తుంది. మధ్యలో ఒక టీషర్టు చుట్టి పెట్టి అడ్డంగా ఒక్క మడత వేసి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టండి. ఇంకా మంచిది, చేతి బ్యాగులోనే పెట్టుకోండి, పెద్ద పెట్టె ఆలస్యమైనా భయం ఉండదు. కేబిన్ చేరగానే చేయాల్సిన మొదటి పని హ్యాంగర్‌కి తగిలించడం. బీరువాలో చోటు చాలకపోతే, ఓడ గోడలు సాధారణంగా ఉక్కువే కాబట్టి అయస్కాంతం కొక్కేలు అంటుకుంటాయి, నాలుగు పట్టుకెళ్ళండి. చిన్న ముడతలకి బాత్రూంలో తగిలించి వేడి నీళ్ళు పది నిమిషాలు వదిలితే చాలావరకు దిగిపోతాయి. పట్టు పంచెని మాత్రం నీళ్ళు చింది మరక పడకుండా షవర్‌కి దూరంగా పెట్టండి.

ఇంత చెప్పాక కూడా మీకు టక్సీడో ముచ్చట ఉంటే అద్దెకి తీసుకోండి, బో టై మాత్రం కట్టుకునేదే కొనండి. కాలర్ పైకెత్తి, ఎడమ కొస కుడిదానికంటే అంగుళంన్నర కిందికి ఉండేలా వేసుకోండి. పొడుగు కొసని పొట్టిదాని మీదుగా దాటించి, మెడ దగ్గర కింది నుంచి పైకి లాగి బిగించండి. పొట్టి కొసని అడ్డంగా మడిచి సీతాకోకచిలుకలా కాలర్ మధ్యలో పట్టుకోండి. పొడుగుదాన్ని దాని మీదుగా కిందికి వదలండి. ఇప్పుడు ముందున్న రెండు రెక్కల్నీ కలిపి నొక్కి ముందుకి లాగితే వెనక చిన్న సందు కనపడుతుంది. పొడుగు కొసని మడిచి, ఆ మడతని సందులోకి దూర్చాలి. తప్పు జరిగేది ఇక్కడే: కొసని మడవకుండా దూరిస్తే మొత్తం బయటికి వచ్చేస్తుంది. బిగించడానికి మడతల్ని లాగాలి, విడి కొసల్ని లాగితే ఊడిపోతుంది. అద్దం ముందు చేతులు తికమకపడతాయి కాబట్టి ముందు మోకాలి పైన తొడకి కట్టి నేర్చుకోండి, చుట్టుకొలత ఇంచుమించు మెడంతే ఉంటుంది. కమ్మర్‌బండ్ (నడుముకి చుట్టే మడతల పట్టీ) ఇస్తే దాని మడతలు పైకి తెరుచుకునేలా కట్టాలి. బెల్టు పెట్టకండి, టక్సీడో ప్యాంటుకి బెల్టు లూపులే ఉండవు.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు కేబిన్ తలుపు బయట పెట్టేస్తారు, మళ్ళీ రేవులోనే చేతికొస్తాయి. దిగే రోజు వేసుకునే ప్యాంటు, చొక్కా, బూట్లు ముగ్గురివీ ముందే తీసి పక్కన పెట్టండి.