సిగ్నల్ కెమెరాకు దొరికామో లేదో, మెసేజ్ రాకుండా తెలుసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో రెడ్ పడ్డాక సిగ్నల్ దాటేశాను, ఫ్లాష్ కనబడలేదు, మెసేజ్ రాలేదు, చలానా పడినట్టా లేనట్టా అని అడిగారు. ఈ రెండిట్లో దేన్నీ లెక్కలోకి తీసుకోకండి. నంబరు ప్లేటు చదివే కెమెరాలు చాలావరకు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో పనిచేస్తాయి, ఫ్లాష్ కొట్టవు. ఇక మెసేజ్ మీ ఆర్సీకి ఉన్న ఫోన్ నంబరుకే వెళ్తుంది. ఆ నంబరు ఇప్పుడు మీ దగ్గర ఉందో లేదో వేరే సంగతి. బండి నంబరుతో మీరే వెతుక్కోవడం ఒక్కటే నమ్మదగిన దారి.

తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ పోర్టల్ తెరిచి బండి నంబరు మధ్యలో ఖాళీలు, గీతలు లేకుండా కొట్టండి. ఇంజిన్ లేదా ఛాసిస్ నంబరులో చివరి 4 అంకెలు అడుగుతుంది, అవి ఆర్సీ మీద ఉంటాయి. క్యాప్చా నింపితే పెండింగ్ చలానాలన్నీ వరసగా వస్తాయి: తేదీ, సమయం, చోటు, ఉల్లంఘన, జరిమానా, దానిపైన 35 రూపాయల యూజర్ ఛార్జీ, ఫొటో. 'వివరాలు సరిపోలలేదు' అని వస్తే చలానా లేదని కాదు. చాలాసార్లు సున్నాకు బదులు ఇంగ్లిష్ 'ఓ' కొట్టి ఉంటారు.

ఈరోజు ఖాళీగా కనిపించినంత మాత్రాన రేపు కూడా ఖాళీగా ఉంటుందనుకోవద్దు. కెమెరా తీసిన ఫొటోను కంట్రోల్ రూమ్‌లో మనిషి చూసి, నంబరు సరిచూసి, ఓకే చేశాకే చలానా తయారవుతుంది. కానిస్టేబుల్ చేతి కెమెరాతో తీసినవీ అప్‌లోడ్ అయ్యాకే ఎక్కుతాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ ప్రకారం, ఎలక్ట్రానిక్ పరికరంతో పట్టుకున్న ఉల్లంఘనకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. కాబట్టి సిగ్నల్ దాటిన వారం తర్వాత ఒకసారి, మూడో వారంలో ఇంకోసారి చూసుకుంటే దాదాపు తేలిపోతుంది.

చలానా కనబడగానే కట్టేయకండి, ముందు ఫొటో తెరవండి. ఈ ఒక్క పని చేయకే చాలామంది తమది కాని జరిమానా కడుతున్నారు. ప్లేటులో ప్రతి అక్షరమూ మీదేనా? బండి మోడల్, రంగు మీవేనా? 8ని 3గా, 'బీ'ని 8గా చదవడం, సగం మట్టి కప్పిన ప్లేటు, వంకర అక్షరాల ఫ్యాన్సీ ప్లేటు, పక్కా దొంగ ప్లేటు, అన్నీ జరుగుతుంటాయి. రెడ్ సిగ్నల్ కేసయితే లైటు, స్టాప్ లైను, మీ బండి మూడూ ఫొటోలో స్పష్టంగా ఉన్నాయా చూడండి. ఓవర్ స్పీడ్ అయితే నమోదైన వేగం, అక్కడి పరిమితి రెండూ ఉండాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి కుడి వైపు రెండు లేన్లలో పరిమితి 120 కిలోమీటర్లు, ఎడమ లేన్లలో అంతకంటే తక్కువ. మీరు ఏ లేన్లో ఉన్నారో ఫొటోలో గమనించండి.

ఫొటోలోది మీ బండి కాకపోతే డబ్బు కట్టకుండా చలానా నంబరు, ఆర్సీ, మీ బండి ముందూ వెనకా ఫొటోలు జతచేసి చలానా వేసిన కమిషనరేట్ ట్రాఫిక్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. దొంగ ప్లేటనిపిస్తే పోలీస్ స్టేషన్లో కూడా ఫిర్యాదు ఇవ్వాలి, లేకపోతే ఆ ప్లేటుతో తిరిగేవాడి చలానాలు మీ పేరున పేరుకుంటూనే ఉంటాయి.

మెసేజ్ రాకపోవడానికి అసలు కారణం ఎక్కువగా ఆర్సీ దగ్గరే ఉంటుంది. బండి కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు తమ నంబరే ఇచ్చి ఉండవచ్చు. మీరు సిమ్ మార్చి ఉండవచ్చు. సెకండ్ హ్యాండ్ బండయితే మెసేజ్‌లు పాత యజమానికి పోతుంటాయి. రవాణా శాఖ రికార్డులో ఫోన్ నంబరు మార్పించుకోండి. బండి అమ్మినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి: ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేయడం అమ్మినవారి బాధ్యత, 30 రోజుల్లోగా తన పేరున మార్చుకోవడం కొన్నవారి బాధ్యత. కొనేవారు డబ్బు చేతిలో పెట్టే ముందే పెండింగ్ చలానాలు చూసుకుంటే గొడవే ఉండదు.

బెంగళూరు, చెన్నై వెళ్లొచ్చినవాళ్లు తెలంగాణ పోర్టల్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఏ రాష్ట్రం చలానా ఆ రాష్ట్రం వ్యవస్థలోనే పుడుతుంది. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ ఈ-చలాన్‌లో బండి నంబరుతోనూ డ్రైవింగ్ లైసెన్సు నంబరుతోనూ వెతకవచ్చు. ఆంధ్ర వైపు నడిపినా అదీ చూడండి. బెంగళూరుకు అక్కడి ట్రాఫిక్ పోలీసుల సైటు విడిగా చూడాలి.

వాట్సాప్‌లో 'చలానా' పేరుతో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తే ముట్టుకోకండి. చలానా చూడటానికి ఏ ఫైలూ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు దొంగల చేతికి పోతాయి. మెసేజ్ నిజమైనదే అనిపించినా అందులోని లింకు నొక్కకుండా, పోర్టల్ మీరే తెరిచి చూసుకోండి.

డబ్బు కట్టాక పెండింగ్‌లోనే కనిపిస్తే వెంటనే రెండోసారి కట్టవద్దు. ట్రాన్సాక్షన్ నంబరు, రసీదు దాచుకుని ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తేలకపోతే ఆ నంబరుతోనే ఫిర్యాదు చేయండి.