కొండ నదుల మోడలింగ్‌లో ఉపాధి ఉంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. హిమాలయ నదుల్లో రాళ్లు, ఇసుక కొట్టుకువచ్చే తీరును కంప్యూటర్ మోడల్‌తో అంచనా వేసే పని నేర్చుకుంటానంటున్నాడు. ఉద్యోగాలు ఉంటాయా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉద్యోగాలు ఇందులో లేవు. అయితే సట్లెజ్‌పై ఉన్న 1,500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రీ కేంద్రంలో, నీటిలో ఇసుక, ఒండ్రు 5,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5,000 భాగాలు) దాటితే టర్బైన్లు అరిగిపోకుండా ఉత్పత్తినే ఆపేస్తారంటే, ఈ లెక్కలు తెలిసినవారి అవసరం ఎంతటిదో మీకు అర్థమవుతుంది.

నదిలో నీరు, ఒండ్రు కదలికను లెక్కగట్టే హెక్-రాస్, జ్యూరిక్‌లో రూపొందిన బేస్‌మెంట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని ఇన్‌స్టాల్ చేసుకోవడం ఒక పూట పని. అసలు శ్రమంతా నది వాలు, వెడల్పు, ప్రవాహం, రాళ్ల పరిమాణం వంటి వివరాలను సరిగ్గా సమకూర్చుకోవడంలోనే ఉంది. హిమాలయాల దాకా వెళ్లకుండా అనంతగిరి కొండల్లోని ఏదైనా వాగును ఎంచుకుని, వేసవిలో నీరు తగ్గాక అడుగడుక్కీ బూటు కొనకు తగిలిన రాయిని తీసి, దాని పొడవునూ మందాన్నీ వదిలి మధ్య కొలతను నమోదు చేస్తూ నూరు రాళ్లు కొలవమనండి. తర్వాత మోడల్‌లో వాగు అడుగుభాగం కదలదనుకుని నీటిని మాత్రమే పారించి, నీటిమట్టాలు నమ్మదగ్గవిగా ఉన్నాయని తేలాకే రాళ్ల కదలికను జతచేయాలి. ఆపైన టైమ్ స్టెప్‌ను, అంటే మోడల్ ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య తీసుకునే కాల వ్యవధిని, సగానికి తగ్గించి మళ్లీ నడిపినప్పుడు ఫలితం బాగా మారిపోతే, ఆ మోడల్ ఇంకా కుదురుకోలేదన్నమాట.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది రాళ్ల కదలికను లెక్కగట్టే సూత్రం ఎంపికలో. 1948 నాటి మేయర్-పీటర్, ముల్లర్ సూత్రం ప్రయోగశాల కాలువల్లో చేసిన పరీక్షల నుంచి వచ్చింది. నిటారు వాగుల్లో ప్రవాహశక్తిలో చాలా భాగం బండరాళ్ల చుట్టూనే ఖర్చవుతుంది కనుక, ఆ సూత్రాన్ని సవరించకుండా వాడితే వాస్తవం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రాళ్లు కదిలినట్లు చూపిస్తుంది. అందువల్ల చెక్‌డ్యామ్ వెనుక పేరుకున్న పూడికతో ఫలితాన్ని సరిచూడకుండా నివేదిక రాయకూడదు. రంగురంగుల మ్యాపులు చూసి మురిసిపోయేవారు ఈ పని దగ్గరే బద్ధకిస్తారు.

చదువు విషయానికొస్తే, గేట్ రాసి ఐఐటీ రూర్కీలోని హైడ్రాలజీ విభాగంలో ఎంటెక్‌కు ప్రయత్నించడం మంచిది. జాతీయ జలవిజ్ఞాన సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉంది. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంపైనా దృష్టి పెట్టవచ్చు. ఈలోగా పైథాన్ నేర్చుకుంటూ, అనంతగిరి వాగునే చివరి ఏడాది ప్రాజెక్టుగా తీసుకునేందుకు ఫ్లూయిడ్ మెకానిక్స్ అధ్యాపకుల అనుమతి ఇప్పుడే అడగమనండి. వర్షాలు మొదలైతే రాళ్లు కొలవడం కుదరదు.