టాపు కన్నా ముందు నేల: పాత కన్వర్టిబుల్ కార్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కార్ల (మడిచి దించగల గుడ్డ పైకప్పు, అంటే టాపు, ఉండే కార్ల) యజమానులు రాసిన ఉత్తరాలు కొన్ని పోగుపడ్డాయి. మొదటి వరుసలు చూస్తే అందరినీ వేధిస్తున్నది ఇంజినే అనిపిస్తుంది గాని, చివరిదాకా చదివితే ఎక్కువమంది బాధకు మూలం నీరేనని తెలుస్తుంది. అందుకే జవాబులలోనూ ఎక్కువ చోటు దానికే దక్కింది.

ప్రశ్న: పాతికేళ్ళు దాటిన రెండు సీట్ల కన్వర్టిబుల్‌ను నిరుడు మూడో యజమానిగా కొన్నాను. వాన పడిన మర్నాడు డ్రైవరు సీటు వెనక కార్పెట్ తడిసి ముద్దయి ఉంటోంది. టాపు పాతదై కారుతోందనుకుని కొత్తది వేయించాను. అయినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి. టాపు బిగించినవారు పని సరిగా చేయలేదని అనుకోవచ్చా?

జవాబు: అనుకోవచ్చు గాని, వారిని నిలదీసే ముందు ఒక గ్లాసు నీళ్ళతో చేయవలసిన పరీక్ష ఉంది. కన్వర్టిబుల్ టాపు మీద పడిన వాన నీరంతా నేరుగా బయటికి జారిపోదు. అందులో కొంత వెనక అంచుకు చేరి, అక్కడి రబ్బరు కాలువ గుండా రెండు పక్కలా ఉండే తూములలోకి దిగి, గొట్టాల ద్వారా కారు అడుగు నుంచి బయటికి పోయేలా తయారీదారులు ఏర్పాటు చేస్తారు. మాజ్దా ఎంఎక్స్-5 వంటి కార్లలో ఈ తూములు సీట్ల వెనక, బెల్టులు చుట్టుకునే చోటికి దగ్గరలో ఉంటాయి. ఎండుటాకుల పొడి, దుమ్ము, టాపు గుడ్డ నుంచి రాలిన నూలుపోగులు ఏళ్ళ తరబడి అందులో చేరి నల్లటి బంకమట్టిలా గట్టిపడతాయి. దారి మూసుకుపోయిన నీరు తూము అంచు దాటి పొంగి సీటు వెనకకు దిగుతుంది. అప్పుడు ఎంత మంచి టాపు వేయించినా తడి తగ్గదు.

టాపును సగం వెనక్కి మడిచి, తూము నోట్లో గ్లాసుడు నీళ్ళు నెమ్మదిగా పోయండి. కారు కింద, వెనక చక్రానికి కాస్త ముందు, వెంటనే ధార కట్టాలి. చుక్కలు చుక్కలుగా వస్తే తూము పూడిందన్నమాట. గడ్డి కోసే యంత్రాలలో వాడే మెత్తని నైలాన్ తీగను పై నుంచి మెలితిప్పుతూ దింపి శుభ్రం చేయండి. ఇనప తీగతో పొడవద్దు, గట్టి గాలి ఒత్తిడితో ఊదవద్దు. పాతబడిన గొట్టం లోపలే ఊడిపోతే, ఇంతకాలం కార్పెట్‌ను తడిపిన నీరు ఇకపై డోరు కింద కారు పొడవునా ఉండే బోలు ఇనప దూలం, అంటే సిల్, లోపలికే చేరుతుంది. ఆ నష్టం చాలాకాలం కంటికి కనబడదు.

తూము బాగానే ఉంటే డోరు అద్దం, దాని చుట్టూ నీటిని ఆపే రబ్బరు పట్టీల (బీడింగుల) మీద దృష్టి పెట్టండి. అద్దానికీ బీడింగుకూ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి డోరు మూసి, కాగితాన్ని లాగి చూడండి. బిగువుగా వస్తే ఆ చోటు మంచిదే, జారి వచ్చేస్తే నీరు అక్కడినుంచే వస్తోంది. పై మూలలో ఇలా జారడం సర్వసాధారణం. చాలాసార్లు కొత్త బీడింగు అవసరం లేకుండానే, డోరు లోపల అద్దం ఎత్తును సరిచేస్తే పని అయిపోతుంది.

నీరు ఆగిన తరువాత కార్పెట్ పై భాగం పొడిగా కనబడితే చాలనుకోకండి. దాని కింద ఉండే స్పాంజి వారాల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. సీట్లు విప్పి, కార్పెట్‌ను పూర్తిగా బయటికి తీసి ఆరవేయండి. కొన్ని కార్లలో ఈ తడి తుప్పుతో ఆగదు. పోర్షే బాక్‌స్టర్ మొదటి తరంలో ఇమ్మొబిలైజర్ (దొంగలు కారు స్టార్టు చేయకుండా ఆపే ఏర్పాటు) ఎలక్ట్రానిక్ పెట్టె సీటు కిందే ఉండడం వల్ల, తూములు పూడి నీరు చేరితే కారు స్టార్టు కాకుండా పోవడం ఆ యజమానులకు బాగా తెలిసిన వ్యవహారం.

ప్రశ్న: మా కారు టాపుకు వెనక అద్దం బదులు ప్లాస్టిక్ కిటికీ ఉంది. అది పసుపు రంగుకు తిరిగి, మడత పడే చోట తెల్లటి గీత ఏర్పడింది. టాపంతా మార్చాలా?

జవాబు: గుడ్డ గట్టిగా ఉంటే అక్కర లేదు. మీ కిటికీ చుట్టూ జిప్పు ఉంటే ఆ భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, జిప్పు లేకపోతే కుట్టు పని తెలిసినవారు పాత ప్లాస్టిక్‌ను కోసి కొత్తది కుట్టగలరు. పసుపు రంగు కొంతవరకు ప్లాస్టిక్ పాలిష్‌కు లొంగుతుంది. తెల్లటి గీత మాత్రం లొంగదు, అది చీలికకు ముందు దశ. కొత్తది వేయించాక టాపు దించే ముందు జిప్పు తీసి కిటికీని పరుపులా చదునుగా పడుకోబెట్టండి, మడత పడే చోట మెత్తని తువ్వాలు ఉంచండి. చలికి ప్లాస్టిక్ బిరుసెక్కి ఉన్న ఉదయాలలో టాపు జోలికి పోవద్దు. తడి టాపును మడిచి వదిలేస్తే బూజు పడుతుంది. అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్లను కూడా దూరం పెట్టండి.

ప్రశ్న: టైమింగ్ బెల్టు రెండేళ్ళ కిందటే మార్పించానని అమ్మినాయన చెప్పారు గాని రసీదు లేదు. కారు ఎక్కువగా తిరగలేదు. ఆయన మాట నమ్మవచ్చా?

జవాబు: టైమింగ్ బెల్టు అంటే ఇంజిన్‌లో పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే రబ్బరు పట్టీ. రసీదు లేని బెల్టును మార్చని బెల్టుగానే లెక్కించండి. ఆయన అబద్ధమాడుతున్నారని కాదు, ఆయనకు కారు అమ్మినవారు చెప్పిన మాటనే ఆయన మీకు అప్పగించి ఉండవచ్చు. కారు తిరగలేదన్న ఊరట కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రబ్బరు కిలోమీటర్లతో పాటు వయసుకూ లొంగుతుంది.

ముందుగా మీ ఇంజిన్‌లో ఉన్నది బెల్టో, అదే పని చేసే ఇనప గొలుసో తేల్చుకోండి. 1999లో వచ్చిన హోండా ఎస్2000లో ఉన్నది గొలుసు. ఎంఎక్స్-5లో 1989 నాటి మొదటి తరానికీ 1998 నాటి రెండో తరానికీ బెల్టు, 2005లో మొదలైన మూడో తరానికి గొలుసు. ఆ బెల్టుకు కంపెనీ చెప్పిన గడువు 60,000 మైళ్ళు, అంటే సుమారు 96,000 కిలోమీటర్లు. బెల్టు తెగినప్పుడు జరిగే నష్టం అన్ని ఇంజిన్లకూ ఒకటి కాదు. మొదటి తరం ఎంఎక్స్-5 1.6 లీటర్ల ఇంజిన్‌లో వాల్వులకూ పిస్టన్లకూ మధ్య చాలినంత ఎడం ఉంది గనుక కారు దారిలో ఆగిపోతుంది, అంతే. 1995లో వచ్చిన ఎంజీఎఫ్‌లోని రోవర్ కె-సిరీస్ వంటి ఇంజిన్లలో మాత్రం పిస్టన్లు వాల్వులను గుద్ది వంచేస్తాయి, సిలిండర్ హెడ్ విప్పక తప్పదు.

బెల్టు కోసం ముందు భాగమంతా విప్పినప్పుడు వాటర్ పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) షాఫ్టుల ముందు ఆయిల్ సీళ్ళు కూడా మార్చేయండి. వాటిలో ఏది తరువాత పాడైనా మళ్ళీ ఇదే శ్రమ. కొత్త బెల్టు వేశాక స్టార్టు చేసే ముందు క్రాంకును పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ ఎదురెదురుగా వచ్చాయో లేదో మీ కళ్ళముందే చూపించమనండి. ఇంజిన్ అంతటికీ ఇంత చౌకైన భీమా ఇంకొకటి లేదు. తొలినాటి 1.6 లీటర్ల ఎంఎక్స్-5 మీదైతే క్రాంకు పుల్లీ బోల్టును టార్క్ రెంచితోనే (బిగుతును కొలిచి చూపే పానాతోనే) బిగించాలని పట్టుబట్టండి. ఆ ఇంజిన్లలో క్రాంకు ముక్కు పొట్టిది గనుక బోల్టు వదులైతే పుల్లీ జారకుండా పట్టి ఉంచే గాడి అరిగి, టైమింగు తప్పి, ఇంజిన్ బలం తగ్గుతుంది. పని ముగిశాక తేదీని, మీటరు అంకెను ఒక చీటీ మీద రాసి బానెట్ కింద అతికించండి.

ప్రశ్న: గంటకు 90 కిలోమీటర్ల దగ్గర స్టీరింగు వణుకుతోంది. టాపు లేని కారుకు అది సహజమేనని మెకానిక్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పైకప్పు లేని కారు బాడీ కొంత మెలిపడుతుంది. గతుకుల రోడ్డు మీద వెనక చూసే అద్దంలో బొమ్మ చెదరడం, ముందు అద్దం ఫ్రేము వణకడం దాని లక్షణాలు. అది రోడ్డును బట్టి వస్తుంది, వేగాన్ని బట్టి కాదు. మీరు చెప్పిన వణుకు ఒక వేగం దగ్గర పుట్టి, ఆ వేగం దాటితే తగ్గుతూ ఉంటే, అది చక్రాల సంగతి. వీల్ బ్యాలెన్సింగ్‌కు ముందు టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు చదవండి. 2312 అని ఉంటే ఆ టైరు 2012వ సంవత్సరం 23వ వారంలో తయారయింది. తక్కువగా తిరిగే ఇటువంటి కార్లలో గాట్లు కొత్తవిలా ఉండి, రబ్బరు మాత్రం ఎప్పుడో గట్టిపడి, ఒకేచోట నిలబడి నిలబడి ఒకవైపు చదునెక్కి ఉంటుంది. టైర్లు మార్చినా వణుకు పోకపోతే సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించండి.

ప్రశ్న: ఏడాదిలో నాలుగు నెలలు కారు కదలదు. నెలకోసారి స్టార్టు చేసి అయిదు నిమిషాలు ఉంచితే సరిపోతుందా?

జవాబు: దానికన్నా ముట్టుకోకుండా వదిలేయడమే మేలు. అయిదు నిమిషాలలో ఇంజిన్ ఆయిల్ వేడెక్కదు, సైలెన్సరులో చేరిన తేమ ఆవిరి కాదు, బ్యాటరీ ఖర్చయినంత తిరిగి నిండదు. అరగంట నడపగలిగితే నడపండి, లేదా బ్యాటరీకి సన్నగా అందించే ఛార్జరు పెట్టి ఊరుకోండి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచితే ప్యాడ్లు అంటుకుపోవచ్చు గనుక చక్రాలకు అడ్డు పెట్టండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. కారు కదిలినా కదలకపోయినా రెండేళ్ళకోసారి మార్చండి. బ్యాటరీ డిక్కీలో ఉండే కారైతే, ఆవిరిని గొట్టంతో బయటికి పంపే రకమే కొనండి. మామూలు బ్యాటరీ పెడితే ఆమ్లపు ఆవిరి డిక్కీ నేలను తినేస్తుంది.

ప్రశ్న: మెకానిక్ జాకీ పెట్టగానే డోరు కింద సిల్ లోపలికి నొక్కుకుపోయింది. పైన రేకు అతికి, పుట్టీ పెట్టి, రంగు వేసి రెండు రోజులలో ఇస్తామని టింకరింగ్ వారు అంటున్నారు. ఇంజిన్ భేషుగ్గా ఉంది, కారును వదులుకోవాలని లేదు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. మామూలు కారులో బరువును, మెలికను పైకప్పు, స్తంభాలు, నేల కలిసి పంచుకుంటాయి. కన్వర్టిబుల్‌లో ఆ పైకప్పు వాటాలో ఎక్కువ భాగాన్ని మోసేవి ఈ రెండు సిల్‌లే. బయట కనబడే రేకు వెనక మరో రెండు మూడు పొరలు ఉంటాయి, తుప్పు మొదలయ్యేది లోపలినుంచి. మీకు పైన పొక్కు కనబడే నాటికి లోపలి పొర జల్లెడ అయి ఉండవచ్చు. దాని మీద రేకు అతికించడం అంటే కుళ్ళిన దూలానికి రంగు కాగితం చుట్టడమే. పైగా మధ్యలో చిక్కుకున్న తేమ పనిని ఇంకా తొందరగా ముగిస్తుంది. మరో సిల్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి: పలచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని దాని పొడవునా జరుపుతూ పొండి, ఎక్కడ పట్టు వదిలితే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది.

పని అప్పగించే ముందు వారిని ఒకే ప్రశ్న అడగండి: సిల్ కోసే ముందు డోరు ఖాళీ దగ్గర ఏం చేస్తారు? డోరు విప్పి, ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనప కడ్డీలు అడ్డంగా బిగించి, కారును చదునుగా నిలబెట్టి, ఆ తరువాతే కోస్తామని వారు చెప్పాలి. ఆ ఆధారం లేకుండా కోస్తే నడుము ఒక్కసారిగా కిందికి కుంగుతుంది, కొత్త సిల్ ఆ వంకరలోనే అతుక్కుంటుంది, ఇక డోరు ఎప్పటికీ సరిగా మూసుకోదు. లోపలి పొరలను మంచి ఇనుము తగిలేదాకా కోసి కొత్త రేకు వేయాలి, వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పి, టాపును, కార్పెట్‌ను నిప్పురవ్వలకు అందకుండా తీసేయాలి, చివర సిల్ లోపలికి తుప్పును ఆపే మైనం పిచికారీ చేయాలి. మొదటి ఉత్తరంలో చెప్పిన తూములు శుభ్రం చేయకుండా ఇదంతా చేయిస్తే కొన్నేళ్ళలో మళ్ళీ ఇక్కడికే వస్తారు. ఇది రెండు రోజుల పని కాదు. ఖర్చు కారు విలువను దాటినా ఆశ్చర్యపోవద్దు, దాటితే ఏం చేయాలన్నది మీ ఇష్టానికి సంబంధించినది.

కారు అప్పగించే ముందు రెండు డోర్ల చుట్టూ ఉన్న సందును నాలుగైదు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అదే కాగితం పట్టుకుని మళ్ళీ కొలవండి. పైన సందు ఇరుకై కింద వెడల్పయితే నడుము కుంగినట్టే. అప్పుడు రంగు ఎంత మెరుస్తున్నా తాళాలు అందుకోకండి.