అన్నం మానకు, గిన్నె మార్చు

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్ములూ,

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, "పెద్దమ్మా, షుగరు రెండు వందల నలభై మూడు" అని, మాట పూర్తికాకుండానే ఏడ్చేశావు. నేను అడిగింది ఒక్కటే, చేతులు కడుక్కున్నావా అని. అల్లుడికి బంగినపల్లి ముక్కలు కోసి, తువ్వాలుకి తుడుచుకుని, అదే వేలు గుచ్చుకున్నావు. వేలికి మామిడి రసం ఉంటే మీటరు నీ రక్తంతో పాటు పండుని కూడా కొలుస్తుంది మరి. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని మళ్ళీ చూస్తే 118. ఆ పది నిమిషాల్లో నువ్వు పడ్డ టెన్షన్‌కి మాత్రం ఏ డాక్టరు దగ్గరా మందు లేదు.

ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు. "కాన్పు దాకా ఈ రెండు నెలలూ కడుపు మాడ్చుకుంటే సరిపోతుంది కదా" అని. ఈ ఉత్తరం ఆ మాట కోసమే. ఎందుకంటే సరిగ్గా ఆ పనే నేనూ చేశాను.

1996లో, మీ అన్నయ్య కడుపులో ఉన్నప్పుడు, ఏడో నెలలో నాకు షుగరు బయటపడింది. నేను చూపించుకున్న చోట "అన్నం మానేసి పుల్కాలు తినండి" అన్నారు. ఎన్ని తినాలి, దేంతో తినాలి, ఎప్పుడు తినాలి, ఏమీ చెప్పలేదు. మూడు పూటలా అన్నం తిని పెరిగిన గోదావరి మనిషిని. రెండు పుల్కాలు తిని పడుకుంటే పన్నెండింటికి మెలకువ వచ్చేది. వంటింట్లో లైటు వేయకుండా, డబ్బాలో చెయ్యి పెట్టి అటుకులూ బెల్లమూ పిడికెడు పిడికెడు నమిలేదాన్ని. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు డ్యూటీకి. వార్డులో గర్భిణులకి జాగ్రత్తలు చెప్పే స్టాఫ్ నర్సుని నేనే! రెండు వారాల తరవాత పరీక్ష చేస్తే షుగరు ఎక్కువే ఉంది, మూత్రంలో కీటోన్లూ ఉన్నాయి. ఆకలితో మాడినప్పుడు ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చేవి అవి. పగటి పస్తూ రాత్రి దొంగతిండీ ఒకే రోజు దొరికిపోయాయి.

మా హెడ్ సిస్టరుగారు తిట్టలేదు. మర్నాడు వాళ్ళింటి నుంచి ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టి, "అన్నం మానకు, గిన్నె మార్చు" అన్నారు. గోపురం కట్టకుండా అంచుల దాకా పెడితే దాంట్లో సుమారు 150 గ్రాముల అన్నం పడుతుంది. ఇప్పటికీ అది నా పోపుల పెట్టె పక్కనే ఉంది.

ముందు ఒకటి మనసులోంచి తీసెయ్. ఇది నీ స్వీట్ల వల్ల వచ్చింది కాదు. బిడ్డకి తిండి అందించే మాయ వదిలే హార్మోన్లే నీ ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు. నెలలు నిండేకొద్దీ మాయ పెరుగుతుంది, ఆ ఆటంకమూ పెరుగుతుంది. 32 నుంచి 36 వారాల మధ్య మరీ ఎక్కువ. అందుకే పోయిన వారం సరిపోయిన తిండే ఈ వారం ఎక్కువ అంకె చూపిస్తుంది. అది చూసి నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఇప్పుడు భోజనం సంగతి. మన భోజనంలో అన్నం ఒకసారి తినం, నాలుగుసార్లు తింటాం. పప్పూ నెయ్యీ వేసుకుని ఒకసారి, కూరతో ఒకసారి, పులుసో చారో పోసుకుని ఒకసారి, చివర పెరుగుతో. ప్రతిసారీ "కొంచెమే కదా" అని మారు వడ్డిస్తారు. లెక్క తప్పేది అక్కడే. నువ్వు గిన్నెడన్నం ఒక్కసారే కంచంలో పెట్టుకుని, దాన్నే ముందుగా నాలుగు చిన్న కుప్పలు చేసుకో. ఇంక గరిటె నీ వైపు రాకూడదు. పప్పూ కూరా మాత్రం అన్నానికి రెట్టింపు ఉండాలి. మొదటి ముద్ద అన్నంతో కాదు, ఉత్త కూరతో మొదలుపెట్టు. బీరకాయ, దొండకాయ, గోంగూర, తోటకూర, ఏదైనా సగం గిన్నె తిని, ఆ తరవాత పప్పన్నానికి రా. అన్నం ముందు తింటే ఎక్కే షుగరుకీ, కూర ముందు తింటే ఎక్కే షుగరుకీ తేడా నీ మీటరులోనే కనిపిస్తుంది. కొరమీను పులుసు చేసుకున్న రోజు రెండు ముక్కలు ఎక్కువే తిను, ఎవరూ ఏమీ అనరు. పెరుగు చివర్లో కీరా తరుగు కలుపుకుని గిన్నెలో తిన్నా భోజనం ముగిసినట్టే ఉంటుంది. నాకు అలవాటు కావడానికి వారం పట్టింది, అబద్ధం చెప్పను.

ఆవకాయ గురించి అడిగావు. ఆవకాయకి షుగరుతో పేచీ లేదు, అది లాక్కొచ్చే అన్నంతోనే పేచీ. ఉప్పు ఎక్కువ కాబట్టి, బీపీ కూడా చూస్తున్నారు కాబట్టి, రోజుకి ఒక్క బద్ద. బెల్లం ఆవకాయ జాడీ మాత్రం మీ అమ్మకి వదిలెయ్.

అన్నిటికంటే మొండిది పొద్దుటి పూట. తెల్లవారుజామున ఒంట్లో వేరే హార్మోన్లు కూడా లేస్తాయి, అందుకే మధ్యాహ్నం ఏమీ చేయని తిండి పొద్దున కొంప ముంచుతుంది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మూడు ఇడ్లీలూ కొబ్బరి చట్నీ తిన్న రోజు గంట తరవాత 161. రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్న రోజు 132. ఇడ్లీ ఒకటి తగ్గింది, పక్కన కూర్చున్నవాళ్ళు మారారు. పెసరట్టు నీకు మంచి స్నేహితురాలు, కాని ఇంట్లో పోసుకో. బయట కరకరలాడడానికి బియ్యం కలుపుతారు. దానిమీద ఉప్మా వేసుకుంటే రెండు టిఫిన్లు తిన్నట్టే. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందని మరిచిపోకు, దాని బదులు పల్లీ చట్నీ చేసుకో. పళ్ళు, పాలు పొద్దున వద్దు, పదకొండింటికో సాయంత్రమో తీసుకో. గంట లెక్కపెట్టేది తినడం మొదలుపెట్టినప్పటి నుంచి, ముగించినప్పటి నుంచి కాదు. సాధారణంగా పరగడుపున 95 లోపు, గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు ఉండాలంటారు. మీ డాక్టరమ్మ వేరే అంకె చెబితే అదే నీకు లెక్క.

రాగిజావ దగ్గర మీ అత్తగారికీ నీకూ మాట పట్టింపు వచ్చిందని విన్నాను. ఆవిడ ప్రేమతోనే ఇస్తున్నారు. కాని రాగులు కూడా పిండి పదార్థమే. జావగా కాచి, మెత్తగా గొంతులోకి జారిపోయేలా తాగితే ఇంకా త్వరగా రక్తంలోకి పోతుంది. నువ్వు వాదించకు. ఒకరోజు జావ తాగి, గంట తరవాత మీటరు ఆవిడ ముందే పెట్టు. అంకె చూశాక గ్లాసు ఆవిడే చిన్నది చేస్తారు. ఇద్దరి తిండి తినాలన్న మాటకి కూడా అదే జవాబు. బెల్లం, తేనె, ఖర్జూరం "సహజం" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో, ఒంటికి అవీ చక్కెరే. కాకరకాయ రసం, మెంతుల కషాయం లాంటివి మాత్రం నీ ఇష్టానికి మొదలుపెట్టకు. కాకరకాయ తినాలనిపిస్తే ఉల్లికారం పెట్టి వేయించుకో.

ఇక మామిడిపండు. బంగినపల్లి వచ్చే కాలంలో గోదావరి పిల్లని పండు ముట్టొద్దంటే పాపం. సాయంత్రం నాలుగున్నరకి రెండు ముక్కలు, గుప్పెడు వేయించిన పల్లీలతో, నమిలి తిను. రసాలు జుర్రుకోవడం, జ్యూసులు ఈ ఏడు వద్దు. ఎంత పోయిందో లెక్క తెలీదు. పెరుగన్నంలో మామిడిపండు కావాలంటే ఆ పూట అన్నం తీసేసి పెరుగూ పండూ తిను. అసలు రుచి ఆ రెంటిదే, అన్నానిది కాదు. తిన్నాక పావుగంట కారిడార్‌లో నడు. అల్లుణ్ణి కూడా లాక్కెళ్ళు, వాడి పొట్ట కూడా చూశాను.

రాత్రి పడుకోబోయే ముందు చక్కెర లేని పాలు, కాసిని ఉడికించిన శనగలు తిను. మరీ ఖాళీ కడుపుతో పది గంటలు ఉండకూడదు. ఇంత చేసినా పొద్దున పరగడుపు అంకె తగ్గకపోతే అది తిండితో తెగే వ్యవహారం కాదు. ఇన్సులిన్ రాస్తారు, వేయించుకో. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డ దగ్గరికి పోదు. అది మొదలుపెట్టారంటే నువ్వు ఓడిపోయినట్టు కాదు, నాకూ పొద్దుటా రాత్రీ వేశారు. వేయించుకుంటున్నప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికి, మీటరు 70 లోపు చూపిస్తే అప్పుడు మాత్రం నియమాలన్నీ పక్కన పెట్టు. మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలుపుకుని తాగు, పావుగంటకి మళ్ళీ చూసుకో. చివరి వారాల్లో షుగరు ఉన్నట్టుండి పదేపదే పడిపోతుంటే "హమ్మయ్య, తగ్గింది" అని సంతోషపడకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యి. బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే తియ్యటిది తాగి చూద్దామని కూర్చోకు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళు.

కాన్పు అయి మాయ బయటికి వచ్చాక చాలామందికి షుగరు మామూలుకి వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. అయినా ఆరు వారాలకి గ్లూకోజు తాగించి చేసే పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. పిల్లవాడి హడావుడిలో నేనది మరిచిపోయాను, ఏడాదికి గుర్తొచ్చింది. నీకైతే నేనే గుర్తుచేస్తాను.

సూడిదల గురించి మీ అమ్మ నాకు రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తోంది. చలిమిడి లేకుండా సూడిదలేమిటి, కడుపు చలవ కదా అని దాని బాధ. చలిమిడి అంటే తడి బియ్యప్పిండీ బెల్లప్పాకమూ, నీ మీటరుకి రెండు వైపులా శత్రువులు. మేమిద్దరం ఇలా తేల్చుకున్నాం. శాస్త్రానికి కావలసింది చలిమిడి నీ ఒడిలో పెట్టడం, అదెలాగూ పేరంటాళ్ళకి పంచేదే. నీకోసం వేరుగా ఉసిరికాయంత ఉండ ఒక్కటి చేస్తాను, కొబ్బరి ముక్కలూ గసగసాలూ బాగా వేసి. దాన్ని ఖాళీ కడుపుతో కాకుండా, ఆ పూట అన్నం సగం తగ్గించి, కూరా పప్పూ తిన్నాక తిను. అందరి ముందూ, నెమ్మదిగా, కొరికి కొరికి తిను. నాలా చీకట్లో కాదు.

శుక్రవారం పొద్దుటి బండికి బయల్దేరుతున్నాను. స్టీలు గిన్నె తెస్తున్నాను. కజ్జికాయలు మీ ఆయనకి, గోంగూర నీకు. స్ట్రిప్పులు అయిపోవచ్చాయన్నావు కదా, ఇక్కడ మందుల షాపులో ఒక డబ్బా తీసుకుంటాను. అన్ని మీటర్లకీ ఒకటే స్ట్రిప్పు పనిచేయదు, నీ మీటరు పెట్టె ఫొటో తీసి ఇవాళే పంపు.

మీ
పెద్దమ్మ